ఏ ఊళ్ళో అద్దెకుండాలి? నాలుగు ఊళ్ళు తిరిగి చూసిన లెక్క

2024 మార్చిలో మా విత్తనాల కంపెనీ కరీంనగర్‌లోని చిన్న ఆఫీసును ఎత్తేసింది. "ఇకమీదట మీకు పొలాలే ఆఫీసు. పాత వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలు మూడూ మీవే. కాపురం ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం" అని మేనేజరు ఫోనులో చెప్పారు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను ఆ మాట వినడం అదే మొదలు. అప్పటిదాకా కంపెనీ వెళ్ళమన్న ఊళ్ళో ఇల్లు వెతుక్కున్నాను తప్ప, ఊరినే ఎంచుకునే పని ఎన్నడూ పడలేదు.

ఆ రాత్రి మా ఆవిడ పాత క్యాలెండరు కాగితం తిరగేసి నాలుగు గళ్ళు గీసింది. హైదరాబాదు, నిజామాబాదు, కరీంనగర్, హనుమకొండ. మొదటి మూడింట్లో మేం అప్పటికే అద్దెకున్నాం. నాలుగోది మా సొంతూరు పరకాలకు దగ్గరి పట్నం. అక్కడ చదువుకున్నాను గాని కాపురం పెట్టలేదు. ఆవిడ లెక్కల టీచరు, ఏదైనా వరుసలూ గళ్ళూ వేస్తే గాని నమ్మదు. మొదటి వరుసకు 'అద్దె' అని రాసి, "ఇంకేం రాయాలి?" అని అడిగింది. నేను "నీళ్ళు" అన్నాను. తొమ్మిదో తరగతికి వెళ్ళబోతున్న మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "కోతులు" అంది. అదీ రాశాం.

హైదరాబాదులో 2014 నుంచి 2018 దాకా బోడుప్పల్‌లో ఉన్నాం. రెండు పడకగదుల ఫ్లాటు, మూడో అంతస్తు. ఖాళీ చేసేనాటికి అద్దె 10,500, దానిమీద మెయింటెనెన్సు 1,500. ఏప్రిల్ వస్తే బోరు ఎండేది, ట్యాంకరు డబ్బులు ఫ్లాట్లన్నీ పంచుకునేవి. ట్యాంకరు నీళ్ళు సంపులో పడిన గంటలోపు ఇంటిపట్టున ఉన్నవాళ్ళు డ్రమ్ములు నింపుకునేవారు. సాయంత్రం ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్ళకు ఖర్చులో వాటా ఒక్కటే మిగిలేది. చేరేటప్పుడు రెండు నెలల అడ్వాన్సు, బ్రోకరుకు సగం నెల అద్దె. వెళ్ళేటప్పుడు అడ్వాన్సులోంచి ఒక నెల రంగుల కింద కోత. మేం చేరినప్పుడు ఆ గోడలకు ఎవరూ రంగులు వేయలేదు.

అయినా ఆ ఊరికి ఒక మార్కు వేయక తప్పదు. అక్కడి యజమాని జీతం ఎంతని అడిగాడు, ఆధార్ జిరాక్సు అడిగాడు, అంతే. మా తాత ఎవరో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనకు లేదు. దీని విలువ నాకు తర్వాతి ఊళ్ళలో తెలిసొచ్చింది.

ఏప్రిల్‌లో ఉప్పల్‌లోని మా బావమరిది ఇంట్లో రెండు రోజులుండి మళ్ళీ ఇళ్ళు చూశాం. మేం ఉన్నటువంటి ఫ్లాటుకే అప్పుడు 17, 18 వేలు చెప్పారు. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి పైవంతెన స్తంభాలు అప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి. మేం ఊరు విడిచిన ఏడు పుట్టిన బిడ్డ బడికి పోయే వయసుకొచ్చింది గాని వంతెన మాత్రం అప్పటికి పూర్తికాలేదు. నాకు వారంలో నాలుగు రోజులు వరంగల్, జమ్మికుంట వైపే పని. ఉప్పల్ నుంచి హనుమకొండ దాదాపు 140 కిలోమీటర్లు. అందులో మొదటి పది కిలోమీటర్లకే ఓపిక అయిపోతుంది.

ఆవిడ ఇంకో లెక్క కూడా తీసింది. ఆదాయపు పన్ను పాత విధానంలో అద్దె భత్యం మీద మినహాయింపు చూసేటప్పుడు మూలవేతనంలో 50 శాతం పరిమితి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై నాలుగింటికే ఉండేది. హైదరాబాదుకు అప్పుడు వర్తించేది 40 శాతమే, హనుమకొండకు ఎంతో అంతే. "అద్దె మహానగరంది, మినహాయింపు మన ఊరిది" అని ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టింది.

నిజామాబాదు విషయంలో నా మనసు కాస్త మెత్తబడుతుంది. 2018 చివర నుంచి 2021 దాకా వినాయక్‌నగర్‌లో ఉన్నాం, అద్దె 7,000. యజమాని దుబాయిలో ఉండేవాడు. ఆ జిల్లాలో అది వింత కాదు. గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్ళు వీధికి నాలుగు కనిపిస్తాయి. ఇంటి తాళాలు, అద్దె వసూలు, కొళాయి మరమ్మతు అంతా వాళ్ళమ్మ చేతిలో. ఆ పెద్దమ్మ ప్రతినెలా ఐదో తేదీన మెట్లెక్కి వచ్చేది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, కొడుక్కి వీడియో కాల్ చేసి, నన్ను తెరమీద చూపించి, "ఇదిగో, ఇచ్చిండు చూడు" అనేది. అతను అక్కడి నుంచి నమస్కారం పెట్టేవాడు, నేను ఇక్కడి నుంచి. మూడేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ నమస్కారమే. ఇల్లు పెద్దది, నీళ్ళకు లోటులేదు. కాకపోతే పై అంతస్తు, మీద స్లాబు తప్ప ఏమీ లేదు. మే నెలలో రాత్రి పదింటికి కూడా మంచం పట్టెలు వేడిగా తగిలేవి. మళ్ళీ వెళ్దామా అంటే, హనుమకొండ నుంచి కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా 200 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. మా నాన్నకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక అంత దూరం ఉండలేననిపించింది. ఆ గడికి గీత కొట్టింది నేనే.

కరీంనగర్‌లో ఉన్నచోటే ఉండిపోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. మేమూ అదే అనుకున్నాం. వావిలాలపల్లిలో రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా, అద్దె 9,000. సాయంత్రం మానేరు డ్యాం కట్టమీద గాలి పీల్చుకోవడం ఆ అద్దెలో కలిసినట్టే. ఇబ్బంది వచ్చింది రెండు వైపుల నుంచి. ఒకటి కోతులు. వసారాకు ఇనుప జాలీ లేకపోతే బియ్యం డబ్బా మూత తీసి మరీ తింటాయి. జాలీ ఖర్చు యజమానిదా, అద్దెకున్నవారిదా అన్నది ఆ ఊళ్ళో ఇప్పటికీ తేలని వివాదం. మా విషయంలో సగం సగం అయింది, జాలీ మాత్రం ఆయనకు పూర్తిగా మిగిలింది.

రెండోది పాన్ నంబరు. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ ఇస్తే గాని నా ఆఫీసు మినహాయింపు ఒప్పుకోదు. లక్షను పన్నెండుతో భాగిస్తే నెలకు 8,333. ఆయనకు ఈ లెక్క నాకన్నా బాగా తెలుసు. "పాన్ ఎందుకు సార్, 8,300 అని రసీదు రాసిస్తాను, పైది చేతికివ్వండి" అన్నాడు. మూడేళ్ళు అలాగే నడిచింది. ఇది రాయడానికి నాకేమీ గర్వంగా లేదు. ఆపైన 2024 మార్చి ఆఖరున ఆయనే వచ్చి, మొత్తం భవనాన్ని ఒక కాలేజీవాళ్ళు హాస్టలుకు అడుగుతున్నారని, జూన్‌లోపు ఖాళీ చేయమని చెప్పాడు. ఆ చుట్టుపక్కల కాలేజీలూ హాస్టళ్ళూ ఎక్కువ. ఒక ఇంటికి 9,000 ఇచ్చే కుటుంబానికీ, మంచానికి ఇంతని వసూలు చేసే హాస్టలుకూ పోటీ ఏముంది? పక్క వీధుల్లో నాలుగు ఇళ్ళు చూశాం. రెండింట్లో అప్పటికే మేడమీద హాస్టలు మంచాలు దిగుతున్నాయి.

అలా మే నెల మొదట్లో హనుమకొండ పక్కనే ఉన్న కాజీపేటలోని మా చిన్నమ్మ ఇంట్లో బ్యాగులు దింపాం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, మళ్ళీ సాయంత్రం ఐదు దాటాక; మధ్యలో ఆ ఎండకు వీధిలో కుక్కలు కూడా ఉండవు. స్కూటరు మీద నేను, వెనక నోటు పుస్తకంతో ఆవిడ. నక్కలగుట్ట, బాలసముద్రం, నయీంనగర్, వడ్డేపల్లి, సుబేదారి. గేట్లకు వేలాడే టులెట్ బోర్డు మీది నంబరు రాసుకోవడం, అక్కడే నిలబడి ఫోను చేయడం. పది రోజుల్లో ఇరవైమూడు ఇళ్ళు చూశాం. పక్కపక్కనే ఉన్నా మూడు ఊళ్ళకు మూడు స్వభావాలు. కాజీపేటలో రైల్వేవాళ్ళ అలవాటు కాబోలు, బదిలీ మనుషులను మామూలుగా చూస్తారు. వరంగల్ పాతబస్తీ వైపు అద్దె తక్కువ, గదులు పొడుగ్గా ఒకదాని వెనక ఒకటి. హనుమకొండలో బడులు, ఆసుపత్రులు దగ్గర. అందుకే ధరా ఎక్కువే. రెండు పడకగదులకు 10 నుంచి 13 వేలు చెప్పారు. బ్రోకరు ఊసు ఎక్కడా లేదు. అది డబ్బు మిగిల్చే సుఖమే గాని, బ్రోకరు లేనిచోట విచారణంతా యజమానే చేస్తాడు.

మొదటి ప్రశ్న గేటు దగ్గరే వస్తుంది: "ఎంతమంది ఉంటారు?" రెండోది: "మీ ఇంటిపేరు?" తెలుగునాట ఇంటిపేరు ఎందుకడుగుతారో అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. దానితో తేలకపోతే ఊరి పేరు. బాలసముద్రంలో ఒక పెద్దాయన మా ఊరిపేరు విని సంతోషపడ్డాడు, అక్కడ ఆయనకు చుట్టాలున్నారట. కుర్చీలు వేయించాడు. మజ్జిగ వచ్చింది. గ్లాసు సగం తాగాక, "ఆ ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?" అన్నాడు. "బడి పక్కన" అన్నాను. నిజమే చెప్పాను, ఆయనకు కావలసిన నిజం అది కాదు. "బడికి ఇవతలా, అవతలా?" అన్నాడు. చెప్పాను. మర్నాడు పొద్దున ఫోను: "మా అల్లుడు వస్తానంటున్నాడు, ఏమనుకోకండి." పది రోజుల తర్వాత ఆ దారినే వెళ్తుంటే బోర్డు ఇంకా గేటుకే ఉంది. అల్లుడికి సెలవు దొరకలేదేమో.

అదే పేటలో ఇంకో ఇల్లు నిజంగా బాగుంది, అద్దె 9,500. కరెంటు మీటరు ఎక్కడని ఆవిడ అడిగితే మెట్లకింద ఒక్కటే చూపించారు. మూడు వాటాలకూ అదే, విడివిడిగా లోపలి మీటర్లు. యూనిటుకు పది రూపాయలు ఇవ్వాలి. వాడకం పెరిగేకొద్దీ యూనిటు ధర పెరిగే పద్ధతిలో మూడు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే అందరూ పై మెట్టు ధరే కడతారు. కింది వాటాలో ఉన్న ఆటో నడిపే అన్న బాధ ఇంకా పెద్దది. అప్పటికి రెండు నెలల కిందటే గృహజ్యోతి మొదలైంది. తెల్లకార్డు ఉండి నెలకు 200 యూనిట్లలోపు వాడేవారికి బిల్లు సున్నా, అద్దెకున్నవారికి కూడా వర్తిస్తుంది. ఆయనకు కార్డుంది, వాడకమూ తక్కువే. తనకంటూ మీటరే లేదు. విద్యుత్తు సంస్థ ప్రధాన కార్యాలయం నక్కలగుట్టలో, అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది.

ఇక అసలు సంగతి. ఏడో రోజు సాయంత్రం నయీంనగర్ నాలాకు రెండు వీధుల అవతల ఒక విడి ఇల్లు చూశాం. మూడు గదులు, ముందు జామచెట్టు, తూర్పు ముఖం, అద్దె 9,000. లోపల రంగు వాసన ఇంకా పోలేదు. మా అమ్మాయి అప్పుడే తన గది ఏదో నిర్ణయించేసింది. యజమాని కుమారుడు తాళంచెవి మాకిచ్చి ఫోను మాట్లాడుకుంటూ బయట నిలబడ్డాడు.

ఆవిడ ముందు ప్లగ్గులు చూసింది. అన్నీ ఆమె భుజం ఎత్తున ఉన్నాయి. వాటికి సూటిగా కింద, పాత ప్లగ్గులు ఉండే చోట, సిమెంటుతో పూడ్చిన నలుపలకల గుర్తులు రంగు కిందనుంచి కనిపిస్తున్నాయి. తలుపుల అడుగున జానెడు ఎత్తు తగరపు రేకు కొట్టి ఉంది. రేకు అంచు దగ్గర చెక్క ఉబ్బి పొరలు లేచింది. గోడకు నడుము ఎత్తు దాకా రంగు ఒక పిసరు తెల్లగా ఉంది, రెండు పూతలు ఎక్కువ వేసినట్టు. నేను వంటింటి గూడు కింది అర తెరిచి మూల వేలుపెట్టి రాశాను. మెత్తటి బూడిదరంగు పొడి, నీళ్ళు తగిలితే జిగురయ్యే రకం. ఒండ్రు. మట్టిని వేళ్ళ మధ్య నలిపి చెప్పడం నా వృత్తి. వంటింటి గూట్లో దాన్ని గుర్తుపట్టవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఎదురుగా చిన్న కిరాణా కొట్టు. సోడా తాగుతూ, "వానకు ఇటు నీళ్ళొస్తాయా అన్నా?" అని అడిగాను. ఆయన ఏమీ అనకుండా షట్టరు పక్క స్తంభం దగ్గరికి తీసుకెళ్ళాడు. మేకుతో గీసిన గీతలు రెండు. ఒకటి మోకాలి పైన, ఇంకొకటి నడుము దగ్గర. "ఇది 2020 ఆగస్టు, ఇది 2023 జులై. మూడోదానికి జాగా ఉంచాను సార్" అన్నాడు. తర్వాత తనే చెప్పుకొచ్చాడు. పైన చెరువులు నిండి మత్తడి దూకితే ఆ నీటికి నాలాయే దారి. నాలా చిక్కిపోతూ వచ్చింది, ఇళ్ళు ముందుకు జరుగుతూ వచ్చాయి. "నీళ్ళు వాటి దారిన అవి పోతున్నాయి, మనమే అడ్డం కట్టుకున్నాం. నేను కూడా" అని తన కొట్టును చూపించాడు.

తాళంచెవి తిరిగిస్తూ యజమాని కొడుకుని నేరుగానే అడిగాను. "ఈ ఏడు అంత వాన ఉండదు సార్" అన్నాడు. మా పొలాల రైతులు కూడా వాన గురించి అంత ధైర్యంగా మాట్లాడరు.

అప్పటి నుంచి ప్రతి ఇంటి దగ్గరా ఒక పని పెట్టుకున్నాను. చెంబెడు నీళ్ళు అడిగి గేటు బయట రోడ్డుమీద పోసి, అవి ఎటు పారుతాయో చూడటం. సుబేదారిలో లోపలి వీధిలో ఒక ఇంటి ముందు అలాగే పోస్తుంటే యజమానురాలు మేడ మీదినుంచి చూసి, "ఏమన్నా మొక్కు ఉందా బిడ్డా?" అని అడిగింది. విషయం చెప్పాను. పక్కనే ఉన్న ఆమె భర్త, రిటైరైన తెలుగు మాస్టారు, కిందికి దిగి వచ్చి రెండో చెంబు ఆయనే పోశాడు. రెండుసార్లూ నీళ్ళు ఇంటిని వదిలి దిగువకు వెళ్ళిపోయాయి. "ఇరవై ఏళ్ళనుంచి ఉంటున్నాం, ఇట్లా చూడాలని మాకు తోచలేదు" అన్నాడు.

మొదటి అంతస్తు, రెండు పడకగదులు, విడి మీటరు, అద్దె 11,000, రెండు నెలల అడ్వాన్సు. ఇంటిపేరు ఆయనా అడిగాడు, అడగలేదనను. కానీ ఒప్పందం కాగితంలో రాయడానికి అడిగాడు. పాన్ నంబరు మేం అడగకముందే చెప్పాడు. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో కూడా విడమరిచాడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన అద్దె పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి, అందుకని ఊరంతా పదకొండు నెలల దగ్గర ఆగుతుంది. "మన దేశంలో సంవత్సరానికి పదకొండు నెలలే అని అద్దె పత్రాలు చదివిన పరాయివాడు అనుకుంటాడు" అని నవ్వాడు.

యజమానురాలికి మాత్రం ఒక్కటే అనుమానం. "మేడారం జాతరకు మీవాళ్ళు ఎంతమంది వస్తారు?" మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. రెండేళ్ళకోసారి ఈ ఊళ్ళో ప్రతి ఇల్లూ సత్రమే. అంతకుముందు ఫిబ్రవరిలో జరిగిన జాతరకు మా చిన్నమ్మ ఇంట్లో పద్నాలుగు మంది పడుకున్నారు. "ఇరవై దాటరు" అన్నాను. "అయితే పది బకెట్లు మీరే కొనుక్కోవాలి" అని ఆమె ఒప్పుకుంది. అసలు షరతు అదే. కాగితంలో మాత్రం లేదు.

ఆ మే, జూన్ నెలల్లో మూఢం, పెళ్ళిళ్ళే లేవు. జులై మొదట్లో ఆషాఢం వస్తుంది, బడి జూన్ 12న తెరుస్తారు. మంచిరోజు ఎలా అని మా అమ్మ బెంగపెట్టుకుంటే యజమానురాలే ఫోనులో సర్దిచెప్పింది: "అద్దె ఇంటికి మూఢమేమిటి వదినా, పాలు పొంగిస్తే చాలు." జూన్ మొదటి వారంలో పాలు పొంగించాం. క్యాలెండరు కాగితాన్ని ఆవిడ వంటింటి అరలో పరిచింది. కోతుల వరుసలో మాత్రం కరీంనగర్‌కూ హనుమకొండకూ సమానంగా మార్కులు పడ్డాయి. మళ్ళీ జాలీ కొట్టించాం.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానకు ఊరు ఊరంతా అతలాకుతలమైంది. మా వీధిలో నీళ్ళు ఆ రోజు చెంబు నీళ్ళు పారినట్టే దిగువకు పారాయి. మాకు మంచినీళ్ళు ఒక పూట ఆగిపోయాయి, అంతకు మించి ఏమీ కాలేదు. దిగువన ఉన్నవాళ్ళ సంగతి ఆ రాత్రంతా ఫోనుల్లో విన్నాం. నాలుగు రోజుల తర్వాత ఆ కిరాణా కొట్టు వైపు వెళ్ళాను. ఆయన తడిసిన పప్పు బస్తాలు ఎండలో పోసుకుని కూర్చున్నాడు. స్తంభం మీద మూడో గీత, మిగతా రెండింటికీ మధ్యలో. ఏమీ మాట్లాడబుద్ధి కాలేదు. రెండు కిలోల బెల్లం కొన్నాను.

డిసెంబరులో మళ్ళీ అటు పని పడింది. జామచెట్టు ఇంటి గోడలకు కొత్త రంగు వేస్తున్నారు. గేటుకు టులెట్ బోర్డు ఉంది, నంబరు పాతదే.